తోడి ఎక్కకపోతే ఎక్కలేదనే అను

చిన్నా,

డిసెంబరులో కచేరీలు వినడానికి మద్రాసు వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పది రోజులు, రోజుకి నాలుగు కచేరీలు, ఒక్కొక్కరికీ మార్కులు వేసుకోవడానికి నోటుపుస్తకం కూడా కొన్నావట. మనింటి కుర్రాడు ఆఫీసుకి సెలవు పెట్టి మరీ పాట వినడానికి వెళ్తున్నాడని పక్కింటావిడకి అప్పుడే చెప్పేశాను. మార్కుల సంగతి మాత్రం చెప్పలేదు. అది విన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు.

ముందు చిల్లర విషయాలు. నాలుగు కాదు, రోజుకి రెండే విను. మూడోదానికి చెవి మొద్దుబారుతుంది. ఏసీ హాళ్లలో వణుకుతావు, శాలువా పట్టుకెళ్లు. మధ్యాహ్నం కచేరీలు చాలా సభల్లో ఉచితం, పాడేది చిన్నవాళ్లు, అవి మానకు. తనియావర్తనం, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలవగానే సగం హాలు లేచి క్యాంటీను దారి పడుతుంది. నువ్వు లేచావంటే ఊరుకోను. అప్పటిదాకా ఇంకొకరి పాటని మోసిన మనిషికి ఆ కాసేపే సొంతం.

ఇక తోడి రాగం. "పెద్ద రాగం కాబట్టి నచ్చి తీరాలా పెద్దమ్మా?" అన్నావు మొన్న. అక్కర్లేదు. ఎక్కకపోతే ఎక్కలేదనే అను. కల్యాణి, మోహన గుమ్మంలోనే పలకరిస్తాయి. తోడి అలా కాదు. దాని గాంధారం, అదే 'గ' స్వరం, ఒక్కచోట నిలబడదు, ఊగుతూ ఉంటుంది. హార్మోనియం మెట్టు మీద వేలు పెట్టి వెతికితే దొరకదు. నిలబడ్డ స్వరాలకి అలవాటుపడ్డ చెవికి అది అపశ్రుతిలా కూడా అనిపిస్తుంది. నాకు తొమ్మిదేళ్లు పట్టింది, అదీ గాత్రంలో కాదు, టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరం రికార్డులో. ఉత్తరాది తోడి మాత్రం నచ్చిందన్నావు చూడు, అది పేరుకే తోడి. స్వరాలు చూస్తే మన శుభపంతువరాళి రాగానికి చుట్టం. అంటే నీకు నచ్చింది శుభపంతువరాళి అన్నమాట, వెళ్లి అది విను.

నాకూ కొన్ని పడవు. త్యాగయ్య తెలుగుని ఊపిరి అందిన చోటల్లా విరిచేసి పాడితే ఒళ్లు మండుతుంది. మాట సగం తాళం ఒక చుట్టులో, సగం ఇంకో చుట్టులో. ఇది నా జబ్బు, నువ్వు అంటించుకోకు. నీకు నీదే పుట్టుకొస్తే అప్పుడు చూద్దాం.

ఎందుకింతగా చెబుతున్నానంటే, నాకు ఇరవయ్యేళ్లప్పుడు పాట నేర్చుకునే అమ్మాయిలం నలుగురం ఒక జట్టు. గాయకుడు జి.ఎన్.బి. బిరకాలంటే, ఆ మెరుపు వేగపు స్వరాల పరుగంటే, పడి చచ్చేవాళ్లం. వేగం ఉంటేనే విద్వత్తు. ఇంకో గాయకుడు ఎం.డి. రామనాథన్ పేరు ఎత్తితే చాలు, మాలో ఒకతి ఎద్దుబండి నడకని అభినయించేది, మిగతా ముగ్గురం నవ్వేవాళ్లం. ఆయనది కింది శ్రుతి, బరువైన గొంతు, తాపీ నడక. టైగర్ వరదాచారి శిష్యుడు. ఒక్క కచేరీ కూడా పూర్తిగా వినకుండానే ఆయన నాకు నచ్చడని నేను తీర్మానించుకున్నాను.

నువ్వు చూడని మీ తాతయ్యకి ఆయనంటే ప్రాణం. ఒక రాత్రి రేడియోలో ఆయన సహాన రాగం పాడుతున్నారు. నాన్న కుర్చీ దగ్గరగా లాక్కుని కళ్లు మూసుకుని కూర్చున్నారు. నేను ఆ గదిలోంచి పోతూ, "నాన్నా, ఈయన తర్వాతి స్వరం అందుకునేలోగా నేను అన్నం వండి వార్చుకొస్తాను" అన్నాను. ఆ హాస్యం కూడా నా సొంతం కాదు, జట్టులోదే. నాన్న కోప్పడలేదు. చెయ్యి చాచి మీట వెనక్కి తిప్పారు. పాట గొణుగుడైంది. అప్పుడు ముందుకు వంగి, రేడియో ముందు గుడ్డకి చెవి ఆనించుకున్నారు. నాకు వినపడకుండా తను వినడానికి.

ఆ తర్వాత నేను ఇంట్లో ఉండగా నాన్న రేడియోలో రామనాథన్ గారి కచేరీ పెట్టలేదు. ఎవరైనా వచ్చి సంగీతం మాటెత్తితే, "నాకేం తెలుసండీ, అమ్మాయిని అడగండి" అనేవారు. అది నన్ను మెచ్చుకోవడం అనుకున్నాను, చిన్నా. మురిసిపోయాను కూడా! ముప్పై ఏళ్లు పాట విన్న మనిషికి తన చెవి మీద తనకే నమ్మకం లేకుండా చేశానని అప్పుడు తట్టలేదు.

రామనాథన్ గారు 1984లో పోయారు. నాన్న ఆ తర్వాత రెండేళ్లకి. ఇంకెన్నేళ్లకో, ఒక పిల్లకి సహాన చెబుతున్నాను. అది స్వరాల మీద పరుగెడుతోంది. నెమ్మది అంటే ఏమిటో చూపిద్దామని ఆయన క్యాసెట్టే పెట్టాను, గతిలేక. పాటలో ఒక సంగతి, అంటే ఒక పంక్తిని ఒక తీరులో మలిచి పాడటం, అయ్యాక ఆయన ఆగుతారు. తంబురా ఒక్కటే మోగుతుంది. ఆ ఖాళీలో రాబోయే స్వరం నా చెవిలో ముందే మోగింది, తర్వాతే ఆయన అందుకున్నారు. ఆ రోజు పాఠం అక్కడితో ఆపేసి పిల్లని ఇంటికి పంపేశాను. ఈ మాట చెప్పడానికి నాన్న లేరు.

దెబ్బలాడొద్దని కాదు. బాలమురళి గారు కొత్తగా కల్పించిన లవంగి రాగం గురించి మీ తాతయ్యా, మీ చిన్నతాతా ఎన్ని రాత్రులు అరుచుకున్నారో! నాలుగు స్వరాలతో రాగమేమిటని ఒకరు, నాలుగుతో నిలబెట్టాడు చూడని ఇంకొకరు. ఇద్దరూ విని అరిచారు. విస్తళ్లలో అన్నం చల్లారిపోయేది కానీ ఎవరి ముఖమూ చిన్నబోలేదు.

అందుకని ఆ నోటుపుస్తకంలో మార్కులు వద్దు. ఏ రాగం, ఎక్కడ ఒళ్లు ఝల్లుమంది, ఎక్కడ గడియారం చూశావు, అవి రాసుకో. హాలు మెట్ల మీద నిలబడి "బోరు కొట్టాడు" అని గట్టిగా అనకు. నీ వెనక దిగే ముసలాయన ఎవరో, ఎంత దూరం నుంచి వచ్చాడో నీకు తెలీదు.

చివర్లో పాడే చిన్న పాటలు, మంగళం దాకా కూర్చోమనే చెప్పాలి నేను. కానీ రాత్రి పది దాటితే లేచి వచ్చెయ్. ఆ వేళకి ఆటోలు ఎలా ఉంటాయో ఏమో. గదికి చేరగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ