వెంటిలేటర్ వద్దని ఫోనులో వీడియో తీసి పెడితే చెల్లుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను, వయసు 71. ఊపిరితిత్తుల జబ్బుతో ఇప్పటికే రెండుసార్లు ఆసుపత్రిలో చేరాను. ‘మా ఇద్దరిలో ఎవరికి విషమించినా వెంటిలేటర్ పెట్టవద్దు, ఇంటికి తీసుకువచ్చేయండి’ అని నా భార్యను పక్కన కూర్చోబెట్టుకుని వీడియో తీసి బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. చిత్తూరులో ఉన్న అమ్మాయి సరేనంది. అమెరికాలో ఉన్న అబ్బాయి ససేమిరా అంటున్నాడు. అమెరికాలో వాడే ఆన్‌లైన్ ఫారం ఒకటి మిత్రుడు పంపి, అది నింపి డిజిలాకర్‌లో పెట్టుకుంటే చాలంటున్నారు. నిజమేనా?

జవాబు: మాస్టారూ, మీ కోరికను మన చట్టం గౌరవిస్తుంది. అయితే ఆ వీడియో ఒక్కటే దాన్ని నెరవేర్చలేదు. నిర్మొహమాటంగా ఇంకో మాట చెప్పాలి. వీడియోలో మీరన్నదాన్ని డాక్టర్లు అక్షరాలా పాటిస్తే మీకే ముప్పు. మీలాంటి జబ్బున్నవారికి న్యుమోనియా వస్తే నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉంచాల్సి రావచ్చు, ఆ తర్వాత లేచి నడిచి ఇంటికి వచ్చేవారూ ఉన్నారు. మీరు వద్దనుకుంటున్నది ఆ నాలుగు రోజులను కాదని, కోలుకునే ఆశ లేని దశలో ప్రాణాన్ని యంత్రాలతో సాగదీయడాన్నని నాకు అర్థమైంది. కానీ ఐసీయూలో డ్యూటీలో ఉన్న కొత్త డాక్టరుకు అది అర్థం కావాలంటే కాగితం మీద స్పష్టంగా ఉండాలి.

గౌరవంగా మరణించే హక్కు రాజ్యాంగంలోని 21వ అధికరణంలో భాగమేనని 2018 మార్చి 9న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో తీర్పు చెప్పింది. ముందుగానే రాసిపెట్టుకునే వైద్య ఆదేశానికి, అంటే అందరూ లివింగ్ విల్ అనేదానికి, ఆ తీర్పే ఆధారం. అప్పట్లో దానిపై మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు. ఆ నిబంధన వల్ల పని ముందుకు సాగడం లేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టే దాన్ని తీసేసింది. పాత వ్యాసాలు చదివి కోర్టుకు వెళ్లాలేమోనని భయపడకండి. ఇప్పుడు మీరు స్వయంగా సంతకం చేయాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరించాలి. సాక్షులు బయటివారైతే మంచిది. అమ్మాయినీ అల్లుడినీ పెట్టకండి, మీతో పనిచేసిన ఉపాధ్యాయులను పిలవండి. వీడియో గానీ, ఆధార్ ఓటీపీతో చేసే ఈ-సంతకం గానీ ఈ ముగ్గురి సంతకాలకు బదులు కాలేవు. మిత్రుడు పంపిన ఫారం అమెరికా రాష్ట్రాల చట్టాల కోసం తయారైనది. ఏయే విషయాలు ఆలోచించుకోవాలో తెలుసుకోవడానికి చదవండి, అంతవరకే.

కాగితంలో ఏం రాయాలి? ‘నయమయ్యే ఆశ లేని తీవ్ర వ్యాధితో దీర్ఘకాలం చికిత్స పొందుతూ, నిర్ణయం చెప్పే స్థితిలో నేను లేనప్పుడు’ అని మొదలుపెట్టి ఏది వద్దో పేరుపేరునా రాయండి: వెంటిలేటర్, డయాలసిస్, గుండె ఆగితే ఛాతీ నొక్కి తిరిగి కొట్టుకునేలా చేసే ప్రయత్నం. నొప్పి, ఆయాసం తగ్గించే మందులు చివరిదాకా ఇవ్వాలని తప్పకుండా రాయండి. చికిత్స వద్దంటే మందులన్నీ ఆపేస్తారేమోనన్న భయం చాలామందిలో ఉంటుంది, మీ అబ్బాయి భయం కూడా బహుశా అదే. దీని పర్యవసానాలు నాకు తెలుసని, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చని కూడా అందులో ఉండాలి. రాసే ముందు మీ జబ్బు చూస్తున్న డాక్టరుతో ఒకసారి కూర్చోండి. ఆ భాష నాకంటే ఆయనకు బాగా తెలుసు.

మీ తరఫున మాట్లాడవలసినవారి పేర్లు రాయడం అన్నిటికంటే ముఖ్యం. ఒకరికంటే ఎక్కువమందిని పేర్కొనవచ్చు. అయితే కొడుకునూ కూతురినీ సమానంగా రాసి, ఇద్దరూ చెరోమాట చెబితే ఆసుపత్రివారు చేతులు కట్టుకుని కూర్చుంటారు. మొదట అమ్మాయి, ఆమె అందుబాటులో లేకపోతే ఫలానావారు అని వరుస చెప్పండి. అబ్బాయితో వీడియో కాల్‌లో మాట్లాడండి. వీలైతే మీ డాక్టరును కూడా ఆ కాల్‌లో ఉండమని అడగండి. ఫోను నిజంగా ఉపయోగపడేది అక్కడే. మీరు తీసిన వీడియోనూ పారేయకండి. కాగితంలో ఉన్న మాటలే మళ్లీ చెబుతూ కొత్తది తీయండి. రేపు ఎవరైనా ‘నాన్న చేత బలవంతంగా రాయించారు’ అంటే అది అండగా నిలుస్తుంది. అలాంటి రికార్డును కోర్టులో సాక్ష్యంగా చూపాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి, కాబట్టి అసలు ఫైలును తీసిన ఫోనులోనే చెరపకుండా ఉంచండి.

ఇక డిజిలాకర్. ప్రభుత్వ శాఖలు నేరుగా అందులోకి పంపే పత్రాలకు అసలుతో సమానమైన విలువ ఉంది. మనం స్కాన్ చేసి పెట్టుకునే కాగితానికి ఆ హోదా రాదు, అది భద్రంగా ఉండే నకలు మాత్రమే. ఆరోగ్య రికార్డుల సంగతి వేరు. లివింగ్ విల్‌ను డిజిటల్ ఆరోగ్య రికార్డులో చేర్చుకోవచ్చని 2023 ఉత్తర్వులోనే ఉంది. అది అసలైనదో కాదో డాక్టర్లు ఆ రికార్డుతో సరిచూసుకోవచ్చు. మీకు ఆభా, అంటే డిజిటల్ ఆరోగ్య ఖాతా, 14 అంకెల నంబరు ఉంటే దానికి జతచేయండి. కానీ రోగి సమ్మతి ఇస్తేనే ఆ రికార్డులు ఆసుపత్రికి కనిపిస్తాయి. స్పృహలో లేని మనిషి ఫోనుకు వచ్చే సమ్మతి సందేశానికి ఎవరు జవాబిస్తారు? అందుకే అమ్మాయి ఫోనులోనూ మీ కుటుంబ డాక్టరు దగ్గరా నకలు ఉండాలి. మీ ఫోను లాక్‌లో ఉన్నా తెరవగలిగే ‘అత్యవసర సమాచారం’లో ‘నా వైద్య ఆదేశం మా అమ్మాయి దగ్గర ఉంది’ అని రాసి ఆమె నంబరు ఇవ్వండి. బంధువుల గ్రూపులో మాత్రం ఈ పత్రం పెట్టవద్దు. అందులో మీ జబ్బు వివరాలు, సంతకాలు ఉంటాయి.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. చిత్తూరు, తిరుపతి వారిలో చాలామంది పెద్ద జబ్బుకు వేలూరు వెళతారు. అక్కడి డాక్టరుకు తెలుగు చదవడం రాకపోవచ్చు. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు దేశమంతటికీ వర్తిస్తాయి కాబట్టి పత్రం తమిళనాడులోనూ చెల్లుతుంది, కాకపోతే ఎదుటివారికి అర్థం కావాలి. తెలుగు, ఇంగ్లిష్ రెండింటిలోనూ రాసి రెండిటిమీదా ఒకే తేదీతో సంతకాలు చేయించండి. తేదీ ఎందుకంటే, చెల్లుబాటయ్యే పత్రాలు ఒకటికంటే ఎక్కువ ఉంటే చివరగా సంతకం చేసినదే నిలుస్తుంది. మీరు మార్చిన ప్రతిసారీ అందరి ఫోన్లలోనూ పాతది చెరిపించండి.

ఒక ప్రతిని నగరపాలక సంస్థకు కూడా ఇవ్వాలి. దాన్ని భద్రపరచే అధికారిని స్థానిక సంస్థే నియమించాలని తీర్పు చెప్పింది. ఆ బాధ్యత ఎవరిదో కౌంటరులో చెప్పలేకపోతే వెనక్కి రాకండి, కమిషనర్ పేరిట లేఖ రాసి ఇచ్చి రసీదు తీసుకోండి.

పత్రం ఉన్నంత మాత్రాన యంత్రాలను అప్పటికప్పుడు తీసేయరు. చికిత్స చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులతో ఆసుపత్రిలో ఒక బోర్డు కూర్చుంటుంది. జిల్లా ముఖ్య వైద్యాధికారి సూచించిన డాక్టరుతో పాటు ఇద్దరు నిపుణులుండే రెండో బోర్డు దాన్ని పరిశీలిస్తుంది. వీలైనంతవరకు 48 గంటల్లో చెరో నిర్ణయం చెప్పాలి. మీరు పేర్కొన్నవారి సమ్మతి తీసుకుని, మేజిస్ట్రేట్‌కు తెలియజేసి అమలు చేస్తారు. బోర్డు కాదంటే అమ్మాయి హైకోర్టుకు వెళ్లవచ్చు. ఈ వివరాలు అబ్బాయికి చెప్పండి. ఎవరో ఒకరు తొందరపడి తన తండ్రిని వదిలేస్తారన్న అతని బెంగకు వీటిలోనే జవాబుంది.

చివరగా, ‘మా ఇద్దరిలో ఎవరికైనా’ అన్నారు. మీ శ్రీమతి కోరికను మీరు రాయలేరు. ఆమెకు విడిగా పత్రం కావాలి. మీరు గదిలో లేనప్పుడు అమ్మాయి ఆమెను అడిగి తెలుసుకోవడం మేలు. ఆమె వేరే మాట చెబితే అదే రాయించండి. సంతకాలకు మాత్రం ఇద్దరూ ఒకే రోజు నోటరీ దగ్గరికి వెళ్లవచ్చు.