కరెంట్ పోయి వచ్చాక మూడో నోడ్ క్లస్టర్‌లో చేరడం లేదు, డేటా ఫోల్డర్ తీసేయాలా?

తీసేయకండి. మీరు రాసినదాన్ని బట్టి మూడు నోడ్ల (మెషీన్ల) ఎలాస్టిక్‌సెర్చ్ క్లస్టర్‌లో, అంటే డేటాను కలిసి దాచి వెతికిపెట్టే గుంపులో, రెండు లేచాయి, మూడోది పది సెకన్లకోసారి 'మాస్టర్ నాట్ డిస్కవర్డ్' (గుంపును నడిపే మాస్టర్ నోడ్ దొరకలేదు) అని లాగ్‌లో రాస్తోంది. సరిగ్గా ఇక్కడే నేను ఫోల్డర్ తీసేసి చేతులు కాల్చుకున్నాను.

మా ఆఫీసు నల్గొండ గడియారం సెంటర్ దగ్గర. బత్తాయి వ్యాపారుల తక్‌పట్టీలు, లారీ బిల్లులు వెతికే చిన్న అప్లికేషన్ మాది. మూడు పాత మెషీన్ల మీద ఆఫీసులోనే నడిపేవాళ్లం. మే నెలలో గాలిదుమారం లేచి కరెంట్ పోయింది, అరగంటకు యూపీఎస్ కూడా చేతులెత్తేసింది. తెల్లారి అన్నీ ఆన్ చేస్తే రౌటర్ అన్నిటికీ కొత్త ఐపీలు పంచింది. మొదటి రెండు మెషీన్ల సీడ్ హోస్ట్స్‌లో, అంటే తోటి నోడ్లను ఎక్కడ వెతకాలో చెప్పే జాబితాలో, పేర్లు రాసి ఉన్నాయి కాబట్టి అవి ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మూడోదాంట్లో మాత్రం పాత ఐపీలే.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. మాస్టర్ ఎన్నికయ్యాక అది తప్పిపోయిన నోడ్ కోసం వెతకదు. తప్పిపోయిందే వెతుక్కుంటూ వచ్చి తలుపు తట్టాలి. అందుకే చూడాల్సింది రాని నోడ్ లాగ్. ఆ 'మాస్టర్ నాట్ డిస్కవర్డ్' లైన్ చాంతాడంత ఉంటుంది, అయినా చివరిదాకా చదవండి. అది ఏ అడ్రసుల్లో వెతుకుతోందో అందులోనే ఉంటుంది.

నేను చదవలేదు. వ్యాపారుల ఫోన్లు, టెన్షన్. డేటా ఖాళీ చేసి స్టార్ట్ చేశాను. మొదట్లో ఒక్క మెషీన్‌తో ట్రయల్ వేసినప్పటి ఇనీషియల్ మాస్టర్ నోడ్స్ లైన్ (కొత్త క్లస్టర్‌ను ఏ నోడ్లతో మొదలుపెట్టాలో చెప్పేది) ఆ మెషీన్ సెట్టింగుల్లో అలాగే ఉండిపోయింది. నిమిషంలో స్టేటస్ గ్రీన్, అంటే అంతా బాగుందని! తీరా చూస్తే అది ఒంటరిగా కొత్త క్లస్టర్‌తో వేరు కాపురం పెట్టింది. నోడ్ల సంఖ్య 1 అని పక్కనే ఉన్నా నా కంటికి ఆనలేదు. మిగతా ఇండెక్సులకు (డేటా పట్టికలకు) వేరే నోడ్లలో రెప్లికాలు, అంటే అదనపు కాపీలు, ఉన్నాయి గానీ, డిస్క్ మిగులుతుందని తక్‌పట్టీల ఇండెక్స్‌కు 0 పెట్టాను. దాని షార్డ్ (డేటా ముక్క) ఉన్నది ఆ మెషీన్‌లోనే. డేటాబేస్ నుంచి మళ్లీ ఎక్కించడానికి రెండు రాత్రులు పట్టింది.

ఆ తర్వాత అడ్రసులు సరిచేసినా కలవలేదు. ఏ క్లస్టర్‌లో ఉందో ఆ క్లస్టర్ యూయూఐడీ (గుర్తింపు కోడ్) నోడ్ డేటా ఫోల్డర్‌లో రాసి ఉంటుంది, వేరేదాంట్లోకి రానంటుంది. ఆ ఉత్త ఫోల్డర్‌ను మళ్లీ తుడిచి, ఇనీషియల్ మాస్టర్ లైన్ తీసేశాక వచ్చింది. ఎలాస్టిక్‌సెర్చ్ 7.0 నుంచి ఉన్న ఆ లైన్ క్లస్టర్ మొట్టమొదటిసారి పుట్టేటప్పుడే కావాలి, తర్వాత ఉంచితే ఎప్పుడో ఇలా కాటేస్తుంది.

మీ అడ్రసులు సరిగ్గానే ఉంటే 9300 పోర్ట్ చూడండి, రెండు వైపుల నుంచీ. బ్రౌజర్‌లో 9200 తెరుచుకుంటే సరిపోదు, నోడ్లు మాట్లాడుకునేది 9300 మీద. మాస్టర్ కూడా తిరిగి మీ నోడ్‌ను చేరగలగాలి. డాకర్ లోపలి ఐపీనో, వైఫై ఐపీనో అది పబ్లిష్ అడ్రస్‌గా (మిగతా నోడ్లు తనను చేరడానికి ఇచ్చే అడ్రస్‌గా) చెప్పుకుంటే అక్కడే ఆగిపోతుంది.

చేరాక కాసేపు స్టేటస్ యెల్లో (కొన్ని రెప్లికాలు ఇంకా సిద్ధం కాలేదని) ఉంటే కంగారు పడకండి. ఐదుసార్లు ఫెయిలైన షార్డ్‌ను మాత్రం అది తనంతట తాను మళ్లీ ప్రయత్నించదు, రీరూట్ కమాండ్‌లో రీట్రై ఫెయిల్డ్ ఆప్షన్ ఇవ్వాలి. రౌటర్‌లో మూడు మెషీన్లకూ ఐపీలు రిజర్వ్ చేసుకోండి.

ముందు ఆ లాగ్ లైన్ మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను.