న్యాయవాది కార్యాలయంలో ఆటోమేషన్‌ను ఏ పనితో మొదలుపెట్టాలి?

వాయిదాల డైరీతో మొదలుపెట్టడం మంచిది, ఎందుకంటే చిన్న కార్యాలయాల్లో గుమాస్తా సమయం చాలావరకు కాజ్ లిస్టులు (కోర్టు ఆ రోజు విచారించే కేసుల జాబితాలు) వెతకడానికీ, కక్షిదారులకు ఫోన్లు చేయడానికీ పోతుంది. ప్రతి కేసుకూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యను, అంటే సీఎన్‌ఆర్ నంబరును, ఈ-కోర్ట్స్ యాప్‌లో భద్రపరచుకుంటే తదుపరి వాయిదా, కేసు దశ అక్కడే కనిపిస్తాయి.

అంతకన్నా ముఖ్యమైనది గడువుల లెక్క. చెక్ బౌన్స్ కేసునే తీసుకోండి: బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లోగా నోటీసు పంపాలి, అది అందాక చెల్లింపునకు 15 రోజులు ఆగాలి, ఆపైన నెలలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. రిటర్న్ మెమో (చెక్కు చెల్లలేదని బ్యాంకు ఇచ్చే పత్రం) అందిన తేదీని, నోటీసు అందిన తేదీని స్ప్రెడ్‌షీట్‌లో నమోదు చేస్తే, మిగతా తేదీలను అదే లెక్కగట్టి, ఫోన్ క్యాలెండర్‌లో వారం ముందే గుర్తుచేసేలా అమర్చుకోవచ్చు. అయితే నోటీసు అందినట్టు పోస్టులో తిరిగొచ్చే అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు మీది తేదీని మనిషే చూసి సరిపోల్చాలి. అది తప్పుగా ఎక్కితే గడువు దాటి కేసే చేజారవచ్చు.

వకాలత్‌నామా, నోటీసుల నమూనాలను మెయిల్ మెర్జ్‌తో (జాబితాలోని పేర్లు, వివరాలను నమూనాలో తనంతట చేర్చే సదుపాయం) నింపుకోవచ్చు. కృత్రిమ మేధ సూచించిన తీర్పులను మాత్రం అసలు ప్రతి చదవకుండా పిటిషన్‌లో చేర్చకూడదు. లేని తీర్పులను ఉదహరించినందుకు 2023లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఇద్దరు న్యాయవాదులకూ, వారి సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా విధించింది.