వగరు అనే మాట మనకుంది

చిరంజీవికి ఆశీస్సులు.

ఫ్రాన్స్‌లోని లియాన్ నుంచి మీరు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆ ఊరికి ఉత్తరాన ఉన్న బోజొలే ప్రాంతపు ఎర్ర వైన్ గురించి తెలుగులో రాయాలన్న ఆలోచన బాగుంది. కానీ అందులో సీసా చీటీ మీది మాటలే తప్ప మీ నాలుక చెప్పిన మాట ఒక్కటీ లేదు. ‘వెల్వెట్ టానిన్లు’ అని రాశారు. షడ్రుచుల్లో వగరును లెక్కించి, ఉగాది పచ్చడిలో దాని కోసమే మామిడి పిందెను తరిగి వేసుకునే మనకు ఆ అరువెందుకు? నేరేడు పండు తిన్నాక నాలుక పిడచగట్టినట్టయ్యే గుణమే అది. నేరేడు కంటే ఈ వైన్‌లో ఎంత తక్కువో రాయండి, చదువరికి వెంటనే అందుతుంది.

ఆ తగ్గుదలకు కారణమూ చెప్పాలి. ఈ వైన్‌కు వాడే గమే రకం ద్రాక్షలోనే వగరు తక్కువ. పైగా అక్కడ చాలామంది గుత్తులను చితక్కొట్టకుండా తొట్టెలో నింపుతారు. అడుగున నలిగిన పండ్ల రసం పులిసి కార్బన్ డయాక్సైడ్ నిండగా, పై పండ్లు తొక్క చెదరకుండానే లోలోపల పులియడం మొదలుపెడతాయి కనుక తొక్కలోని వగరు రసంలోకి ఎక్కువగా దిగదు. (1395లో పొరుగున ఉన్న బర్గండీని ఏలిన డ్యూక్ ఫిలిప్ ఈ గమే తీగను ద్రోహి అని తిట్టి పెరికించమన్నాడు. ఈ ముచ్చట వ్యాసంలో ఒక్క వాక్యానికి మించనివ్వకండి.)

ఏటా నవంబరు మూడో గురువారం విడుదలయ్యే నూవో రకంలో (ఆ ఏటి పంటతో చేసిన కొత్త వైన్) అరటిపండు వాసన తక్కినవన్నీ కప్పేయవచ్చు. మొదటిసారికి బోజొలేలోని ఫ్లోరీ ఊరి సీసా తీసుకోండి. అక్కడి మరో ఊరు మోర్గాన్ వైన్ కాస్త గట్టిది, తర్వాత చూడవచ్చు. అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, 12 నుంచి 14 డిగ్రీల చల్లదనంలో, గ్లాసులో మూడో వంతే పోయండి. తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూసి, గుక్కను కాసేపు నోట నిలిపి, మింగీ మింగగానే రాయండి. అదే వైన్‌ను గది వేడిలోనూ రుచి చూడండి: వేడిమికి ఆల్కహాల్ ముక్కుకు ఘాటుగా తగులుతుంది, మరీ చల్లబడితే వాసన అణిగి పులుపూ వగరూ పైకొస్తాయి. ఒకప్పుడు నేను గోంగూర పచ్చడి తిన్న నోటితో రుచి చూసి, పాపం, మంచి వైన్‌ను చప్పగా ఉందని రాసేశాను.

మిగిలినదానికి బిరడా పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మర్నాడు మళ్లీ చూడండి. రెండు రోజుల రాతలనూ దిద్దకుండా నాకు పంపండి.