స్కూబా నేర్చుకోబోయే ముందే సామాను కొనాలా? ఏది నమ్మకం?

మీరు గుంటూరులో ఉంటున్నారు, వచ్చే చలికాలం అండమాన్‌లో స్కూబా (సిలిండర్ గాలితో నీటి అడుగున ఈదడం) మొదటి మెట్టు అయిన ఓపెన్ వాటర్ కోర్సు చేద్దామనుకుంటున్నారు, ఈలోపే మంచి కంపెనీ సెట్ మొత్తం కొనేస్తే మేలా అని అడిగారు. నాది విజయవాడ. అండమాన్‌లోని హావ్‌లాక్ (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) దీవిలో నేర్చుకున్నాను, వీలైనప్పుడల్లా విశాఖ వెళ్ళి దిగుతుంటాను. నన్నడిగితే మాస్క్ ఒక్కటి కొనుక్కోండి. సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్, నీళ్ళలో తేలడం మునగడం అదుపుచేసే గాలి జాకెట్ (బీసీడీ) అద్దెకు తీసుకోండి.

రెగ్యులేటర్ విషయంలో చాలామంది కంపెనీ పేరు చూస్తారు. స్కూబాప్రో, మారెస్, క్రెస్సీ, ఆక్వాలంగ్, ఏది తీసుకున్నా కొత్తది బాగానే పనిచేస్తుంది. తేడా వచ్చేది తర్వాత దాన్ని ఎలా చూసుకున్నారన్న దగ్గరే. లోపల గాలి కారకుండా ఆపే చిన్న చిన్న రబ్బరు వలయాలు (ఓ-రింగులు), పల్చటి సాగే పొర (డయాఫ్రమ్) ఉంటాయి. వాడినా వాడకపోయినా అవి పాతబడతాయి. అందుకే చాలా కంపెనీలు ఏడాదికోసారి, లేదంటే 100 డైవ్‌లకోసారి సర్వీసు చేయించమంటాయి. మనకు సూర్యలంక దగ్గరే అయినా డైవింగ్‌కి మాత్రం విశాఖో, పుదుచ్చేరో, అండమానో పోవాలి. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ రెగ్యులేటర్ బీరువాలోనే ఉంటుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ఎండలో మేడ మీద గదిలో పెట్టారంటే రబ్బరు గొట్టాల ఆయుష్షు తగ్గినట్టే. పైగా మన వైపు చాలా ఇళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. సముద్రపు ఉప్పు పోవాలని ఆ నీళ్ళతోనే కడిగితే ఆరాక తెల్లటి పొర కడుతుంది. మాస్క్ అయినా సరే, కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్ళతోనే కడిగి నీడన ఆరబెట్టండి.

ఇక మాస్క్. దీన్ని మాత్రం తొందరపడి కొనొద్దు. ఖరీదైనదాని కన్నా మీ ముఖానికి అతికేదే మంచి మాస్క్. పట్టీ తల వెనక్కి వేయకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లోపలికి పీల్చి చెయ్యి వదిలేయండి. పడిపోకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టు. తర్వాత నోట్లో స్నార్కెల్ (నీటి పైనుంచి గాలి పీల్చే గొట్టం) మౌత్‌పీస్ పెట్టుకుని మళ్ళీ ఇలాగే చూడండి. పళ్ళతో పట్టుకున్నప్పుడు బుగ్గలు కదిలి, అప్పటిదాకా అతికిన మాస్క్ కూడా వదులు కావచ్చు. ఈ రెండో పరీక్ష షాపుల్లో ఎవరూ చెప్పరు. మీసం ఒత్తుగా ఉంటే ముక్కు కింద నుంచి నీళ్ళు కారతాయి. ముక్కుకు ఆనుకునే ఆ సన్నటి వరుస వరకు తీసేస్తే చాలు, మీసమంతా తీయనక్కర్లేదు. నాకు దూరపు చూపు తక్కువ, పవర్ అద్దాలు బిగించే మాస్క్ వాడతాను. కళ్ళజోడు ఉంటే మీరూ అదే అడగండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు తీసుకునే చోటే కొనండి.

టెంపర్డ్ గ్లాస్, మెత్తటి సిలికాన్ అంచు తప్పనిసరి. ఈత కళ్ళద్దాలు పనికిరావు, ముక్కు కూడా మాస్క్ లోపల ఉంటేనే లోతుకు వెళ్ళేకొద్దీ అందులో ఒత్తిడి సరిచేసుకోగలం. ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్క్‌లు చవగ్గా దొరుకుతున్నాయి, అవి స్కూబాకి కావు. కొత్త మాస్క్ లోపలి గాజు మీద ఫ్యాక్టరీ పొర ఉండి ఆవిరి పడుతుంది. మామూలు తెల్ల టూత్‌పేస్ట్‌తో రెండు మూడుసార్లు రుద్ది కడగండి.

కాళ్ళకు వేసుకునే ఫిన్స్, ఒంటికి వేసుకునే వెట్‌సూట్ అక్కడివే చాలు. అండమాన్ నీళ్ళు 27 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంటాయి, 3 మిల్లీమీటర్ల సూట్ సరిపోతుంది.

అద్దె సామాను నమ్మకమైనదేనా అన్నది మీరే చూసుకోవచ్చు. సిలిండర్ బిగించాక గాలి ఒత్తిడి చూపే గేజ్ 200 బార్ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో ఉండాలి. మౌత్‌పీస్‌తో గాలి పీలుస్తూ గేజ్ ముల్లు మీదే కన్నేయండి. పీల్చినప్పుడల్లా ముల్లు ఊగుతుంటే వాల్వ్ పూర్తిగా తెరవలేదన్నమాట. గాలికి నూనె వాసన, పొగ వాసన ఉంటే ఆ సిలిండర్ వద్దనండి. పసుపు రంగు అదనపు మౌత్‌పీస్‌తో కూడా పీల్చి చూడండి, దాన్ని చాలామంది వదిలేస్తారు. గొట్టాలను చివర్ల దగ్గర కొద్దిగా వంచితే పగుళ్ళు బయటపడతాయి. బీసీడీని నిండా గాలితో నింపి అయిదు నిమిషాలు వదిలేయండి. ఒక సెంటర్‌లో నాకిచ్చినది ఈలోపే మెత్తబడిపోయింది. వేరేది అడిగితే మారుమాట లేకుండా ఇచ్చారు. అడగడానికి మొహమాటపడకండి, ప్రాణం మీదే. బుక్ చేసేముందే ఫోన్‌లో "రెగ్యులేటర్లు చివరిసారి ఎప్పుడు సర్వీసు చేయించారు?" అని అడగండి. రాసిపెట్టుకునే సెంటర్ అయితే నెలతో సహా చెబుతుంది.

కోర్సు అయ్యాక కూడా ఇష్టం నిలిస్తే, రెండో కొనుగోలుగా డైవ్ కంప్యూటర్ తీసుకోండి. ఎంత లోతులో ఎంతసేపు ఉన్నారో లెక్కగట్టి, ఇంకెన్ని నిమిషాలు ఉండొచ్చో అది చెబుతుంది. పక్కవాళ్ళ కంప్యూటర్ చూసి మీరు పైకి రాకూడదు, వాళ్ళు తిరిగిన లోతు వేరు, మీది వేరు. బ్యాటరీ మనమే మార్చుకోగల మోడల్ అయితే మన ఊళ్ళో ఉండేవాళ్ళకు తేలిక. పైకొచ్చాక విమానం ఎక్కడానికి ఎంతసేపు ఆగాలో కూడా చూపిస్తుంది. కోర్సులో వరుసగా డైవ్‌లు ఉంటాయి కాబట్టి, చివరి డైవ్‌కీ పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పటి శ్రీ విజయపురం) విమానానికీ మధ్య కనీసం 18 గంటలు ఉండేలా ఇప్పుడే టికెట్లు చూసుకోండి.