ఆ పిల్లకి ముందే చెప్పు

చిరంజీవి బుజ్జికి,

బరంపురం నుంచి మీ అత్త దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ సంగతి నువ్వు రాయలేదు, మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఉద్యోగం మానేసి సినిమా తీస్తున్నావట. వాడి గొంతు వింటే ఎవరో పోయినట్టే ఉంది. నాకూ ఆ రాత్రి కన్ను మూతపడలేదు. తెల్లారి మాత్రం పాలు పోసే అబ్బాయికి కూడా చెప్పేశాను, మా మేనకోడలు డైరెక్టరని.

కథ బాగుందే. 1936, పర్లాకిమిడి. మొగుడు రంగం, అదే బర్మాలో రంగూన్, వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. ఆవిడకి అక్షరం ముక్క రాదు. ఉన్నట్టుండి ఆవిడ చేతిరాతతోనే ఆవిడకి ఉత్తరాలు రావడం మొదలవుతుంది. రాయడమే రాని మనిషికి అది తన చేతిరాతని ఎలా తెలిసిందే అని అడగబోయి ఆగిపోయాను. కలలో మనకి అన్నీ ఎలా తెలుస్తాయో అలాగే తెలిసింది. సరే.

కానీ కలలాంటి సినిమా కదా అని గోడలు వంచడం, అర్ధరాత్రి వీధిలో ఏనుగుని నడిపించడం పెట్టుకోకు. వింత ఆ ఉత్తరం ఒక్కటే. మిగతా ఇల్లంతా మామూలుగా ఉండాలి. చెంబుకి సొట్ట ఉండాలి, లాంతరు చిమ్నీకి మసి ఉండాలి. అప్పుడే పోస్టు జవాను గుమ్మంలోకి రాగానే జనం ఉలిక్కిపడతారు.

ఆ ఉత్తరం దగ్గరే ముందు జాగ్రత్త పడు. బర్మాని మన దేశం నుంచి విడదీసింది 1937 ఏప్రిల్ 1న. నీ కథ అంతకు ముందుది. కాబట్టి రంగం నుంచి వచ్చే కవరు మీద కూడా ఇండియా స్టాంపే ఉండాలి, అయిదో జార్జి తలతో. ఆయన 1936 జనవరిలోనే పోయాడు గానీ స్టాంపుల మీదా డబ్బుల మీదా ఆయన తలే నడుస్తోంది. ఆరో జార్జి రూపాయి తెచ్చి చేతిలో పెడితే మీ ఆర్ట్ వాళ్ళని తిప్పి పంపించు.

ఇంకోటి. నీ కథ జరిగే 1936లోనే, ఏప్రిల్ 1న కదా ఒరిస్సా వేరే రాష్ట్రం అయింది, అప్పటిదాకా మనమంతా మద్రాసు కిందే. పర్లాకిమిడి ఊరు ఇటు ఒరిస్సాలోకి వచ్చింది, జమీందారీలో కొంత అటు మద్రాసులోనే ఉండిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు అన్నేళ్ళు బతికిన ఊరు వదిలేసి రాజమండ్రి వెళ్ళిపోయారు. నోటితో మాట్లాడే తెలుగునే రాయాలని జన్మంతా కొట్లాడిన మనిషాయన. ఆ ఊళ్ళో, ఆ ఏడాది జరిగే కథలో ఉత్తరాలు గ్రాంథికంలో రాయించావంటే నీతో మాట్లాడను. ఆవిడ నోట్లో ఉన్న మాటే కాగితం మీదికి రావాలి, “ఏటి సేస్తన్నావు, బువ్వ తిన్నావా” అని.

చిన్న రైలు చూపిస్తావని విన్నాను. నౌపడా నుంచి పర్లాకిమిడికి ఆ రైలు 1900లో వచ్చింది, 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. రెండున్నర అడుగుల పట్టాలు. ఇప్పుడున్నది బ్రాడ్‌గేజి. దాని మీద హీరోయిన్‌ని నడిపిస్తే మా ఈడువాళ్ళం హాల్లోనే నవ్వుతాం. కూత వినిపించు, చాలు.

పర్మిషన్లు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకో. ఎక్కడ తగ్గించినా భోజనాల దగ్గర తగ్గించకు. వానాకాలం పెట్టుకోకు.

ఇక అసలు సంగతి. ఆఖర్న ఆవిడ పట్టుచీరలో, ఉత్తరాలన్నీ పట్టుకుని గోపాల్‌పూర్ సముద్రంలోకి నడుస్తుందని మీ నాన్న చెప్పాడు. నా నిద్ర పోయింది అందుకే. నీ ఉద్యోగం పోయినందుకు కాదు.

గోపాల్‌పూర్ నుంచే ఒకప్పుడు జనం రంగం స్టీమరు ఎక్కేవాళ్ళు, ఆ సీను అక్కడ పెట్టాలనిపించడం తప్పు కాదు. కానీ ఒడ్డున కూర్చుని పల్లీలు తినేవాళ్ళకి తెలీదు, ఆ నీళ్ళు లోపలికి ఎలా లాగుతాయో. నాటకాల వాళ్ళకి చీరలు కట్టడం మానేశాక, అక్కడికి షూటింగ్‌కొచ్చే సినిమా వాళ్ళు చీరకట్టుకి నన్నే పిలిచేవారు. ఒకసారి ఒక కంపెనీ వచ్చింది, పేరు ఇప్పుడెందుకు. పాతకాలపు కథే, ఒక ఆడమనిషి తనని తాను తెలుసుకునే కథే. మోకాలిలోతు నీళ్ళలో ఒక తలుపు నిలబెట్టారు, గడపతో సహా. గోడ లేదు, ఇల్లు లేదు. చూడ్డానికి నిజంగా బాగుంది, అబద్ధం ఆడను. హీరోయిన్ కొత్త పిల్ల. తలుపు తీసి, ఆపమనేదాకా నడవమన్నారు. తలుపు అవతల ఒళ్ళంతా సున్నం పూసుకున్న ఇద్దరు మనుషులు నీళ్ళలోంచి లేస్తారని ఆ పిల్లకి చెప్పలేదు. అడిగితే డైరెక్టరు అన్నాడు, “చెబితే నటిస్తుంది. నాకు నిజమైన బెదురు కావాలి” అని.

తొమ్మిది గజాల బరంపురం పట్టు, ఫొడా అంచుది, గోచీ పెట్టి నేనే కట్టాను. పొడిగా ఉన్నప్పుడే అది బరువు. తడిస్తే పిక్కలకి చుట్టుకుని అడుగు పడనివ్వదు. ఆ పిల్ల తలుపు తీసింది, వాళ్ళు లేచారు, ఈ పిల్ల పక్కకి పడింది. పక్కన మోకాలిలోతు కాదు. చేతులు కొట్టుకుంటుంటే కెమెరా తిరుగుతూనే ఉంది, బ్రహ్మాండంగా చేస్తోందనుకున్నారు. ఎవరో ఆపమని అరిచారు గానీ అలల మోతలో ఎవరికి వినబడుతుంది? వలలు బాగుచేసుకుంటున్న నోళియా ఒకతను, అదే ఇక్కడి జాలరి, వాళ్ళు మన తెలుగువాళ్ళే కదా, “ఓలమ్మా, పిల్ల పోతంది” అని ఉరికి జుట్టు పట్టి లాగాడు. లాడ్జిలో జుట్టులోంచి ఇసక దువ్వుతుంటే ఆ పిల్ల ఒక్కటే అడిగింది, చీర పాడైతే తన డబ్బుల్లో పట్టుకుంటారా అని.

ఆ ముక్క సినిమాలో ఉందట, బాగా వచ్చిందని మెచ్చుకున్నారట. నేను చూడలేదు. తెలుసుకోవడం గురించి సినిమా అట, ఆడే పిల్లకి మాత్రం ఏం జరగబోతోందో తెలియకూడదట!

అందుకని ఆ పిల్లకి ముందే చెప్పు. కథంతా చెప్పు, ఎవరెక్కడ నిలబడతారో చెప్పు. ముందురోజు నువ్వు కూడా అదే చీరలో ఆ నీళ్ళలోకి దిగి, ఆ పిల్ల పక్కనే నడువు. తెలిస్తే బెదురు రాదనేవాడి మాట నమ్మకు. చంద్రమతి వేషం కట్టే ఆవిడకి కాటిసీనులో ఏం జరుగుతుందో ప్రతి రాత్రీ తెలుసు. అయినా ముందు వరసలో ఆడవాళ్ళ కొంగులు ప్రతి రాత్రీ తడిసేవి.

ఇద్దరు నోళియాలని తాడుతో సహా నీళ్ళలోనే ఉంచు, కెమెరాకి కనబడకుండా. వాళ్ళకి కూలి ముందే ఇవ్వు. ఆపమనడానికి అరుపులు పనికిరావు, ఒడ్డున ఎర్రగుడ్డ ఊపేవాణ్ణి పెట్టు, ఆ పిల్ల మొహం ఒడ్డు వైపు ఉండేలా సీను మార్చుకో. సముద్రానికి వీపు చూపించి వెళ్ళే ఆడది నీ కథకే ఇంకా బాగుంటుందేమో, ఆలోచించు. వెనక్కి వెనక్కి నడుస్తూ ఊరినే చూస్తూ. ఇది నా పని కాదనుకో.

దగ్గర్నుంచి తీసేవాటికి నిజం పట్టు కడతాను, పాత జరీది. ఇప్పటి ప్లాస్టిక్ జరీ లైటు పడితే తెల్లగా కొడుతుంది. నీళ్ళలోకి మాత్రం అదే రంగు పల్చటి నేత, మోకాళ్ళ దగ్గర లోపల చీలిక పెట్టి, ఒక్క ముడి లాగితే ఊడేలా కుడతాను. తెరమీద ఎవరూ పట్టలేరు.

తిట్టిపోశాననుకోకు. పండక్కి వచ్చినప్పుడల్లా నా మిషను కింద దూరి ముక్కగుడ్డలన్నీ ఏరి బొమ్మలకి పెళ్ళిళ్ళు చేసేదానివి. ఎప్పుడు చూసినా పెళ్ళికూతురు లేచి వెళ్ళిపోయేది, పెళ్ళికొడుకు పీటల మీద ఒక్కడే. అప్పుడే అనుమానం వచ్చింది నాకు. డబ్బు చాలకపోతే మీ నాన్నని అడగకు, నన్నడుగు. ఎక్కువ లేదు గానీ ఉంది.

ఆ పిల్ల కొలతలు బేగి పంపించు. జాకెట్టుకి భుజం కొలత మరచిపోకు, ఆ రోజుల్లో చేతులు బుట్టలా కుట్టేవారు. ఈత వచ్చో రాదో కూడా రాయి.

మీ అత్త