న్యూట్రల్ లేని బండి

గుంటూరు,
ఆదివారం రాత్రి

చిరంజీవి అల్లుడికి మీ మావయ్య ఆశీస్సులు.

పొద్దున అక్క ఫోన్ చేసింది. "నీ మేనల్లుడు వాళ్ళ నాన్న కైనెటిక్ హోండా స్కూటర్‌ని వరండాలోకి లాక్కొచ్చి మొత్తం విప్పి పెట్టాడురా, ఇల్లంతా పెట్రోలు కంపు" అంది. కోప్పడుతున్నట్టే మాట్లాడింది గానీ గొంతులో సంతోషం దాగలేదు. నాకూ అంతే. బావ పోయాక ఆ బండి మీద టార్పాలిన్ కప్పిన రోజు నుంచి, ఎవరో ఒకరు దాన్ని మళ్ళీ రోడ్డెక్కిస్తే బాగుండునని నా మనసులో ఉంది. నువ్వు ఆటోనగర్ షెడ్డుకి తోలకుండా శని ఆదివారాలు కూర్చుని నీ చేత్తోనే చేస్తానన్నావట. ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. ఆ తర్వాత భోజనం చేసి పడుకుంటే నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే "సరే మావయ్యా, సరే మావయ్యా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నాను. చదివి పానాల పెట్టెలో పెట్టుకో.

తేలికవి ముందు చెప్పేస్తాను. విప్పేముందు ప్రతిదీ ఫోన్లో ఫోటో తీసుకో. ఏ భాగం బోల్టులు ఆ భాగానికి విడిగా డబ్బాల్లో వెయ్యి. పెట్రోలు వరండాలో వద్దు, అక్క దేవుడి దగ్గర దీపం పెట్టే వేళకైతే అసలు వద్దు. పాత బ్రేకు షూల దుమ్ము నోటితో ఊదకు, ఆ కాలం లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, తడిగుడ్డతో తుడు. ఆర్సీ ఇంకా బావ పేరు మీదే ఉంది కదా, నీ పేరుకు మార్పించుకో. పదిహేనేళ్ళు ఎప్పుడో దాటాయి కాబట్టి రెన్యువల్ కూడా చేయించాలి. పెయింటింగుకి ఇచ్చేముందు ఛాసిస్ నంబరు మీద టేపు అంటించి ఇవ్వు. ఎమరీ పేపరుతో ఆ అంకెలు అరగదీశారంటే, ఏపీ 16 నంబరు ప్లేటు ఎంత మెరిపించినా ఆఫీసులో ఆ బండి నీదని ఎవరూ ఒప్పుకోరు.

ఇక వరద సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మీ ఇంట్లో నీళ్ళు తగ్గడానికి ఎన్ని రోజులు పట్టిందో నీకు తెలుసు. ఆ బండి అన్ని రోజులూ బురదలోనే ఉంది. పైన మట్టి కడిగేసి బాగానే ఉందనుకోకు. టూ స్ట్రోక్ ఇంజను, లోపలికి వెళ్ళిన నీరు అడుగున క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, దగ్గర చేరి బేరింగులు తినేస్తుంది. అందుకని బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టి చూద్దామని ఉబలాటపడకు. ప్లగ్గు విప్పి నాలుగు చెంచాల ఇంజనాయిలు బోరులో, అంటే పిస్టన్ ఆడే గొట్టంలో, పోసి, ఒక రాత్రి అలాగే వదిలెయ్యి. మర్నాడు ఎడమవైపు కవరు తీసి, ముందు పుల్లీ నట్టు మీద పానా పెట్టి చేత్తో మెల్లిగా తిప్పు. తిరిగితే సంతోషం. తిరగకపోతే బలవంతం చెయ్యకు, హెడ్డు విప్పాలి. తిరిగినా సరే, గరగరమని చప్పుడొస్తే క్రాంక్ బయటికి తీయక తప్పదు. ఆ పని మాత్రం ఇంట్లో కాదు, లేత్ వాళ్ళ దగ్గర ప్రెస్ ఉంటుంది, వాళ్ళకివ్వు. వెనక గేర్ బాక్సులో ఆయిల్ దించి చూడు. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్ళు కలిసినట్టే. ట్యాంకు లోపలి తుప్పుకు మందులేమీ కొనక్కర్లేదు, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు దొరుకుతుంది. వేడినీళ్ళలో కరిగించి ఒక రోజంతా ట్యాంకులో ఉంచి, తర్వాత వంటసోడా నీళ్ళతో కడిగి, వెంటనే ఎండలో ఆరబెట్టి, కాస్త నూనె తిప్పు. ఆరబెట్టడంలో బద్ధకించావా, సాయంత్రానికి మళ్ళీ ఎర్రబడుతుంది.

ఆయిల్ పంపు గురించి ఒక మాట. ఈ బండికి టూటీ ఆయిల్, అంటే టూ స్ట్రోక్ ఇంజన్లకు వాడే నూనె, విడిగా ట్యాంకులో పోస్తాం, పంపు దానంతటదే ఇంజనుకు ఇస్తుంది. ఇన్నేళ్ళు ఖాళీగా ఉన్న పైపులో గాలి నిండి ఉంటుంది. ఆ గాలి బుడగ పోయేదాకా ఇంజనుకు ఆయిల్ అందదు, పిస్టన్ పట్టేస్తుంది. పైపు విప్పి, గాలి పోయి ఆయిల్ ధారగా వచ్చేదాకా కారనిచ్చి మళ్ళీ బిగించు. పంపు మీద నమ్మకం కుదిరేదాకా పెట్రోల్లో కూడా లీటరుకు 20 మిల్లీలీటర్లు కలుపు. పొగ ఎక్కువొస్తుంది, రానీ.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

నేను ఆటోనగర్‌లో పనికి కుదిరిన కొత్తల్లో అన్నీ చేత్తో గేర్లు వేసే స్కూటర్లే. కైనెటిక్ వాళ్ళూ హోండా వాళ్ళూ కలిసి 1984లో ఈ కంపెనీ పెట్టారు. గేర్లు లేవు, బటన్ నొక్కితే స్టార్ట్ అవుతుంది అంటే చూడ్డానికి జనం మూగేవాళ్ళు. బజాజ్ చేతక్ నడిపి అలవాటైన వాళ్ళు ఎడమ చేతి లివర్‌ని క్లచ్ అనుకుని గట్టిగా నొక్కేవాళ్ళు. ఇందులో అది బ్రేకు. నడిరోడ్డు మీద ఆగిపోయి వెనక్కి తిరిగి చూసేవాళ్ళు, ఎవరో పట్టుకుని లాగినట్టు. బావ కూడా మొదటి వారం బందరు రోడ్డు మీద రెండుసార్లు అలాగే ఆగాడు.

లోపల ఏం జరుగుతుందో తెలుసుకోకుండా దాని మీద చెయ్యి వెయ్యకు. ముందు పుల్లీలో రోలర్లు ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి బయటికి జరిగి పుల్లీని నొక్కుతాయి, బెల్టు పైకెక్కుతుంది. వెనక పుల్లీ స్ప్రింగుకి ఎదురుగా విచ్చుకుని బెల్టుని లోపలికి తీసుకుంటుంది. గేరు మారడమంటే ఇందులో అదే. వెనక క్లచ్ షూలు కూడా అంతే, వేగానికి విచ్చుకుని డ్రమ్ముని పట్టుకుంటాయి, చక్రం తిరుగుతుంది. మనిషి చేత్తో పట్టేది, వదిలేది ఏదీ లేదు. నువ్వు యాక్సిలేటర్ తిప్పావంటే బండి వెళ్తుంది, అంతే. హోండా వాళ్ళే 1976లో సీబీ750ఏ అని పెద్ద ఆటోమేటిక్ మోటార్ సైకిల్ తీశారు. దానికి క్లచ్ లివర్ లేకపోయినా కాలితో వేసుకునే న్యూట్రల్ ఉండేది, అంటే ఇంజను తిరుగుతున్నా చక్రానికి దాని బలం అందకుండా విడదీసి పెట్టడం. మన బండికి అదీ లేదురా అల్లుడూ. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఈ ఒక్క మాట కోసమే ఇంత ఉత్తరం రాస్తున్నాను.

మీ అమ్మ కుడి కాలు మోకాలి కింద మచ్చ చూశావు కదా. వానాకాలం వస్తే అక్కడ నూనె రాసుకుంటూ కూర్చుంటుంది. బట్టలుతికే బండ దగ్గర జారిపడ్డానని నీకు చెప్పింది. అందరికీ అదే చెప్పింది. జారిపడలేదు. అది నా వల్ల.

1996. అప్పుడు మీరు పటమటలో అద్దెకుండేవాళ్ళు. నీకు మూడేళ్ళు. సిగ్నల్ దగ్గర ఆగితే బండి ఆగిపోతోందని బావ అంటే, ఆదివారం పొద్దున్నే రెండు పానాలూ ఒక స్క్రూడ్రైవరూ పట్టుకుని వచ్చాను. బావ మార్కెట్‌కి వెళ్ళాడు. పెరట్లో కడప బండలు పరిచి ఉండేవి, మురుగు పోవడానికి గోడవైపు కాస్త వాలుగా. బండిని సెంటర్ స్టాండు వేశాను. వేస్తున్నప్పుడే స్టాండు అటూ ఇటూ ఊగింది, బుష్షులు అరిగిపోయాయి. నేను చూశాను. చేతికి తెలిసింది కూడా. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. అప్పటికి పదేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నవాణ్ణి, తెలియక చేసింది కాదు.

స్లో రన్నింగ్ స్క్రూ బిగిస్తూ పోయాను. ఇంజను ఆగకుండా నిలబడింది. వెనక చక్రం గాలిలో గిరగిరా తిరుగుతూనే ఉంది. స్లోలో చక్రం అంత వేగంగా తిరుగుతోందంటే, బ్రేకు నొక్కినా లాగుతోందంటే, స్క్రూ ఎక్కువ బిగించినట్టు. అదీ గమనించాను. పికప్ ఎలా ఉందో విని తర్వాత తగ్గిద్దామని బండికి ఎడమపక్క నిలబడి, కుడి చెయ్యి చాపి ఒక్కసారి రైజ్ చేశాను. అంతే. తడి బండ మీద స్టాండు జారింది, మడుచుకుంది, తిరుగుతున్న చక్రం నేలకు తగిలింది.

ఇక్కడ జాగ్రత్తగా చదువు. నేను బండిని వదల్లేదు. ఆపుదామని హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకుని వెనక్కి లాగాను. బండి ముందుకు పోతోంది, నా చెయ్యి వెనక ఉంది, మణికట్టు దానంతటదే తిరిగి యాక్సిలేటర్ ఇంకా తెరుచుకుంది. ఆపాలని ఎంత లాగితే అంత వేగం ఇచ్చాను. నాలుగడుగుల దూరం. జామచెట్టు కింద పీట మీద కూర్చుని అక్క గోంగూర ఒలుస్తోంది. ముందు చక్రం పీటకు తగిలింది. గోడకీ బండికీ మధ్య ఆమె కాలు.

ఎముక విరిగిన చప్పుడు విన్నాను. ఆ తర్వాత ఇంజను చప్పుడు చాలాసేపు ఉన్నట్టు గుర్తు, నిజానికి వెంటనే తాళం తిప్పేశాను. అంతకుముందు ఒక్క నిమిషం కిందట నువ్వు ఆమె ఒళ్ళోంచి లేచి పిల్లి వెంట వీధి గుమ్మం వైపు పరిగెత్తావు. ఆ నిమిషం గురించి ఇన్నేళ్ళలో ఎవరితోనూ మాట్లాడలేదు. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే నా చొక్కా పట్టుకుని అక్క అన్న మొదటి మాట, "జారిపడ్డానని చెబుతాను, నువ్వు నోరు మెదపకు." తమ్ముడికి బావ దగ్గర మాట రాకూడదని. మూడు నెలలు కట్టుతో మంచం మీద ఉంది. బావ ఇంటికొచ్చి పగిలిన హెడ్‌లైట్ చూశాడు, నా మొహం చూశాడు. ఏమీ అడగలేదు. మర్నాడు బండి తోసుకుంటూ వెళ్ళి స్టాండు బుష్షులు, స్ప్రింగు మార్పించుకొచ్చాడు.

కాబట్టి విను. అన్నిటికంటే ముందు స్టాండు బాగుచెయ్యి. ఇంజను కంటే, పెయింటు కంటే ముందు. బుష్షులూ స్ప్రింగూ రెండూ కొత్తవి వెయ్యి. స్టార్ట్ చేసేటప్పుడు ముందు చక్రాన్ని గోడకు ఆనించి, ఇటుక అడ్డం పెట్టి, వెనక గ్రాబ్ రైల్‌ని తాడుతో స్తంభానికి కట్టు. సెల్ఫ్ కొట్టే ముందు ఎడమ బ్రేకు పట్టుకో. బండి పక్కన నిలబడి ఎప్పుడూ రైజ్ చెయ్యకు. చెయ్యి దాటిపోతే హ్యాండిల్ వదిలెయ్యి. పడితే పడనీ, రంగు మళ్ళీ వేసుకోవచ్చు. బెల్టు ఎలా ఎక్కుతుందో చూద్దామని, వీడియో తీద్దామని ఎడమ కవరు విప్పి ఇంజను స్టార్ట్ చేశావంటే మాత్రం నేనొచ్చి చెంప పగలగొడతాను. నీకు ముప్ఫై దాటినా సరే. ఆ పుల్లీల మధ్యకు చొక్కా అంచు చాలు, వేలు దాకా వెళ్తుంది.

వెనక క్లచ్ నట్టు నువ్వు ఒక్కడివే విప్పకు. దాని వెనక నొక్కి ఉన్న స్ప్రింగు ముఖం మీదకి ఎగురుతుంది. ముందు పుల్లీ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపితే రెక్కలు విరుగుతాయి, పుల్లీ పట్టుకునే హోల్డరు నా దగ్గరుంది. బెల్టుకీ క్లచ్ షూలకీ నూనె చెయ్యి తగలనివ్వకు, జారుతుంది. బెల్టుని వెనక్కి వంచి చూడు, పళ్ళ మధ్య సన్నగా బీటలు కనబడితే పారెయ్యి.

ఇంకొకటి. బావ నిన్ను ముందు నిలబెట్టుకుని సాయంత్రాలు ప్రకాశం బ్యారేజీ మీదకి తీసుకెళ్ళేవాడు. గాలికి నీ జుట్టు ఆయన గడ్డానికి తగులుతుండేదని చెప్పి మురిసిపోయేవాడు. నువ్వూ చిట్టితల్లిని అలాగే తీసుకెళ్తావు, నాకు తెలుసు. ఆ పిల్ల చెయ్యి నేరుగా యాక్సిలేటర్ మీదకే వెళ్తుంది. ఎక్కించేముందు ఇంజను ఆపి ఉండాలి, దించేముందు ఆపాలి. మాట్లాడుకుంటూ నిలబడినప్పుడు తాళం తీసి జేబులో వేసుకో. బావ అలాగే చేసేవాడు. ఆ ఆదివారం తర్వాత ఒక్కసారి కూడా మర్చిపోలేదు.

రెండో శనివారం ఉదయం బస్సుకి వస్తున్నాను. హోల్డరు, పుల్లర్ తెస్తాను. ఈలోపు నువ్వు స్టాండు పని పూర్తి చెయ్యి, మిగతావి శుభ్రం చేసుకుంటూ ఉండు, ఇంజను మాత్రం నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు అక్క లోపల ఉండమంటే ఉండదు, తెలుసుగా. వరండాలో కుర్చీ వెయ్యి. బండికి ఎదురుగా కాదు, వెనకవైపు, స్తంభానికి ఇవతల.

మీ మావయ్య